కూర్చున్న పిల్లలను ఆటకు లేపుదము

(వరంగల్లు నగరమందలి కాశిబుగ్గలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

ఈ కాశిబుగ్గకు మేము ఇదివరలో పలుమార్లు వచ్చితిమి. ఒకసారి టీకాలను గురించి, ఒకసారి పొదుపును గురించి, ఒకసారి ఏనుమాముల మార్కెట్టుకు ప్రత్తి, మిరప తెచ్చు రైతుసోదరులతో మాటాడుటకు వచ్చితిమి. నేటి విషయము వానికంటె చిన్నదిగా మీకు తోచవచ్చును. పిల్లలు ఆడుకొనుటను గురించి చెప్పుటకు ప్రభుత్వోద్యోగి పనిగట్టుకొని రావలెనా అని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. ఆ నవ్వులో న్యాయమున్నది. మన చిన్నతనమున ఆడుకొమ్మని మనకు ఎవరును చెప్పలేదు. ఆట చాలించి ఇంటికి రమ్మని మాత్రమే చెప్పెడివారు. అమ్మ చేతిలో బరిగె కనబడినగాని మనము ఇల్లు చేరెడివారము కాము.

నేడు మేము సభకు ఒక గంట ముందుగానే వచ్చి, సాయంకాలము ఐదు గంటల వేళ ఇచటి గల్లీలలో కొంతసేపు నడచితిమి. అరుగులమీద పిల్లలున్నారు, కాని చప్పుడు లేదు. ఒక ఫోను చుట్టు నలుగురు తలలు వంచి కూర్చుండిరి. ఒకని వ్రేలు మాత్రము కదలుచున్నది. తక్కిన ముగ్గురు ఆ వ్రేలిని చూచుచున్నారు. పక్క ఇంటి గడపలో కూర్చున్న ఒక ముదుసలి తల్లి మమ్ములను చూచి, "ఒకప్పుడు వీళ్ళ లొల్లికి పగటిపూట కన్ను మూతపడకపోయేది సారూ! ఇప్పుడు ఇంట్ల పిల్లలున్నరో లేరో తెలుస్తలేదు" అన్నది. మేము చెప్పదలచిన దానిలో సగము ఆ తల్లి ఒక్క మాటలో చెప్పివేసినది. మిగిలిన సగము చెప్పుటకే ఈ ప్రసంగము.

ఈ మార్పు కాశిబుగ్గకు మాత్రమే వచ్చినది కాదు. 11 మొదలు 17 ఏండ్ల వయస్సుగల బాలబాలికలను గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2016 వరకు దేశదేశములనుండి సేకరించిన లెక్కలు 2019లో ప్రకటింపబడినవి. దేహమునకు కావలసినంత కదలిక లేని పిల్లలు ప్రపంచమంతటను నూటికి 81 మంది అని అందు తేలినది. మగపిల్లలలో నూటికి 78, ఆడపిల్లలలో నూటికి 85. మన దేశమున నలుగురు పిల్లలలో ఇంచుమించు ముగ్గురు ఈ కోవలోనివారే. పల్లె పిల్లలు ఎటులైనను పొలము గట్లమీద తిరుగుదురు గదా అని మనము ధీమాగా ఉండుటకు వీలులేదు. బడికి ఆటోలో పోవుట, ఇంటికి వచ్చి ట్యూషనులో కూర్చుండుట, పిదప టీవీ ముందు, ఫోను ముందు కూర్చుండుట అనునది ఇపుడు పల్లెకును చేరినది.

ఎంత ఆట కావలెను?

5 మొదలు 17 ఏండ్లలోపు పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు చురుకైన కదలిక ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఆ గంటయును ఒకేసారి గడపవలెనను నియమము లేదు. ఉదయము బడికి వడిగా నడచిన 15 నిమిషములు, మధ్యాహ్నము విరామములో పరుగెత్తిన 15, సాయంకాలము ఆడిన 30 — అన్నియు లెక్కకు వచ్చును. ఇది చేతగాని పిల్లవానికి 10 నిమిషములైనను సున్నకంటె మేలు.

చురుకైన కదలిక యనగా ఏమి? దీనికి యంత్రము అక్కరలేదు, సులువైన పరీక్ష యొకటి కలదు. కదలుచున్న పిల్లవాడు మాటాడగలిగి, పాట పాడలేకపోయినచో అది మధ్యరకము శ్రమ. నాలుగు మాటలకే ఆగి ఊపిరి తీసికొనవలసి వచ్చినచో అది తీవ్రమైన శ్రమ. వారమునకు కనీసము మూడు దినములు ఈ తీవ్రమైన శ్రమయు, కండరములకును ఎముకలకును బలమునిచ్చు ఆటలును ఉండవలెను.

ఈ మాటలు విని, దీనికి వ్యాయామశాల కావలెనేమో, ఖరీదైన సామాను కావలెనేమో అని భయపడకుడు. మన తాతలనాటి ఆటలను ఒక్కసారి తలచుకొనుడు. గుండెకు, ఊపిరితిత్తులకు బలమిచ్చునది పరుగు. అది కబడ్డీలో ఉన్నది, ఖోఖోలో ఉన్నది, దొంగ-పోలీసు ఆటలో ఉన్నది, ఏడుపెంకుల ఆటలో ఉన్నది. ఎముకకు బలమిచ్చునది దుముకుట. అది తొక్కుడుబిళ్లలో, తాడాటలో ఉన్నది. కండకు బలమిచ్చునది ఎక్కుట, లాగుట. అది కోతికొమ్మచ్చిలో, తాడు లాగు పందెములో ఉన్నది. ప్రపంచము నేడు లెక్కగట్టి చెప్పిన మూడు రకముల శ్రమయు, ఒక సుద్దముక్క, ఒక పాత తాడు, ఏడు పెంకుముక్కలు ఉన్నచో మన వాకిట దొరకును. ఇందులో కబడ్డీ 1990లో ఆసియా క్రీడలలోనికే ఎక్కినది.

ఐదేండ్లలోపు పసివారిని గురించి ఒక మాట. మూడు, నాలుగు ఏండ్ల బిడ్డలు దినమంతటిలో కలిపి 180 నిమిషములు ఏదో యొక కదలికలో ఉండవలెను. అందు ఒక గంట చురుకైన ఆటయై యుండవలెను. రెండేండ్లు నిండని బిడ్డకు ఫోనుగాని టీవీగాని చూపనే వలదు. రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డలకు గంటకు మించరాదు. ముద్ద తినిపించుటకు ఫోను చేతికిచ్చు తల్లులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. బిడ్డ ముద్ద తినును. కాని ఫోను లేనిదే నోరు తెరవని దినము త్వరలోనే వచ్చును.

కూర్చున్నచో ఏమగును?

1953లో ఇంగ్లాండు వైద్యులు, జెరెమీ మోరిస్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున, లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించిన ఫలితములను ప్రకటించిరి. ఒకే బస్సులో ఇద్దరు మనుష్యులు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్టులకై దినమంతయు మెట్లెక్కి దిగుచుండును. గుండెజబ్బు ఎవరికి ఎక్కువగా వచ్చినది? కూర్చున్న డ్రైవరుకు. కదలికకును గుండెకును గల సంబంధమును నాటినుండి శాస్త్రజ్ఞులు మఱింత లోతుగా శోధించుచునే ఉన్నారు. ఆ మూలసూత్రము మాత్రము నిలిచి ఉన్నది.

పిల్లల విషయమున ఇది మరియొక విధముగా గమనింపదగినది. మనిషి ఎముకకు కావలసిన గట్టిదనములో అధిక భాగము బాల్యమునందును, కౌమారమునందును చేరును. ఆ వయస్సులో కూడబెట్టుకొన్న బలమునే ముసలితనమున ఖర్చు పెట్టుకొందుము. రైతు పంటకాలమున గాదె నింపుకొనక ఎండకాలమున వెదకుకొన్నచో ఏమి దొరకును? కదలని దేహమున చక్కెరను వాడుకొను శక్తి తగ్గును. ఒకప్పుడు నడివయస్సువారికే వచ్చెడి మధుమేహము నేడు పదునైదేండ్లవారిలోను కనబడుచున్నది.

కన్నుల సంగతియు వినుడు. చైనా దేశపు గ్వాంగ్జౌ నగరమున కొన్ని బడులలో ఒకటవ తరగతి పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడుపునట్లు చేసిరి. మరికొన్ని బడులను మార్పు లేక విడిచిరి. మూడేండ్ల తరువాత లెక్కించగా, మార్పు లేని బడులలో నూటికి 39 మందికి పైగా దూరపుచూపు మందగించినది. ఆరుబయట గడిపిన పిల్లలలో నూటికి 30 మందికి. ఈ ఫలితము 2015లో వెలువడినది. కళ్ళజోడు ఖరీదు ఎరిగిన తల్లిదండ్రులకు పగటి వెలుతురు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఆడినచో చదువు చెడునను భయము మీలో పెక్కుమందికి కలదు. పరిశోధనలు దీనికి విరుద్ధముగా చెప్పుచున్నవి. కదలిక గల పిల్లలకు పాఠముమీద మనసు నిలుపు శక్తి పెరుగును, రాత్రి నిద్ర బాగుగా పట్టును, దిగులు తగ్గును.

మా ఇంటి సంగతి

ఇంతవరకు ఊరివారి పిల్లలను గురించి చెప్పితిమి. ఇక మా ఇంటి సంగతి దాచుట ధర్మము కాదు.

మాకు ఒక కుమార్తె కలదు. పదునొకండవ యేడు వరకు ఆ పిల్ల కాలు ఒకచోట నిలిచెడిది కాదు. సైకిలు తొక్కెడిది, ఖోఖో ఆడెడిది, మోకాలిమీద గాయము మానకముందే మరియొక గాయము తెచ్చుకొనెడిది. పండ్రెండవ యేడు రాగానే మేమే అడ్డుపడితిమి. "పెద్దదానవైతివి, ఇక ఆటలేమిటి? వీధివారేమనుకొందురు? పరీక్షలు దగ్గర పడుచున్నవి" అని మందలించితిమి. మొదట ఏడ్చినది. పిదప ఊరకున్నది. ఇంటిలో గొడవ తగ్గినదని మేము సంతోషించితిమి.

రెండేండ్లు గడచిన తరువాత ఒక పండుగనాడు కుటుంబమంతయు హనుమకొండలోని పద్మాక్షి గుట్ట ఎక్కుచుంటిమి. సగము మెట్లకే ఆ పిల్ల ఒగర్చుచు కూలబడినది. అరువదేండ్లు దాటిన వారు ఆమెను దాటి ఎక్కిపోవుచున్నారు. మేము విసుగుకొని, "ఈ వయస్సులో ఇంత బద్ధకమా?" అంటిమి. ఆమె తల ఎత్తక, "నన్ను కూర్చోమన్నది మీరే కదా నాన్నా!" అన్నది.

ఊరూర తిరిగి ఇతరుల బిడ్డల ఆరోగ్యమును గురించి ఉపన్యసించువారము మేము. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయెను.

మరునాటినుండి ఆమెను పరుగెత్తుమని ఆజ్ఞాపింపలేదు. ఆజ్ఞతో మాన్పించిన దానిని ఆజ్ఞతో తిరిగి తేలేమని అప్పటికి తెలిసినది. సాయంకాలము కూరగాయలకు పోవునపుడు వెంట రమ్మని అడిగితిమి. మొదటివారము పది నిమిషముల నడక. మేమును ఆఫీసు కుర్చీ మనుష్యులమే. ఆ పది నిమిషములకే మాకును చెమట పట్టినది. అది చూచి ఆమె నవ్వినది. నెల తిరుగునప్పటికి నడక అరగంట అయినది. పక్క ఇండ్ల పిల్లలిద్దరు చేరిరి. వారితో తాడాట మొదలయ్యెను. ఈ పనిలో పూర్తిగా గెలిచితిమని చెప్పుకొనలేము. పరీక్షల నెలలో నేటికిని ఆట ఆగిపోవుచునే ఉన్నది; మరల మొదలు పెట్టవలసి వచ్చుచున్నది. కాని ఆ పిల్ల మరుసటి ఏడు ఆ గుట్టను ఒక్కమారే ఆగి ఎక్కినది. మాకు అది చాలును.

సోమరితనమా? రక్తహీనతయా?

ఆడనొల్లని పిల్లను సోమరి అనకముందు ఒక పని చేయుడు. వెలుతురులోనికి పిలిచి, క్రింది కనురెప్పను కొంచెము దించి చూడుడు. ఎర్రగా ఉండవలసిన చోటు తెల్లగా పాలిపోయి ఉన్నదా? నాలుక, గోళ్ళు పాలిపోయినవా? నాలుగడుగులకే ఆయాసము వచ్చుచున్నదా? ఐనచో ఆ బిడ్డకు కావలసినది తిట్టు కాదు, రక్తపరీక్ష.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ రాష్ట్రమున ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. పసితనపు లోటు చక్కబరుపనిచో బడి వయస్సులోను వెంటాడును. పదేండ్లు దాటిన బాలబాలికలకు బడిలో వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలపు రంగు ఇనుము మాత్ర, నులిపురుగులు పోవుటకు ఇచ్చు ఆల్బెండజోల్ మాత్ర — ఈ రెండును ఉచితముగా లభించును. "మా పిల్లకు వద్దు" అని చీటి వ్రాసి పంపకుడు. ఆకుకూరలు, పప్పు, గుడ్డు పెట్టుడు. అన్నములో నిమ్మరసమో ఉసిరిపచ్చడియో కలిపినచో ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో పట్టదు. పిల్లవాడు ఆడునపుడు గుండె దడ, స్పృహ తప్పుట, పిల్లికూతలు, కీళ్ళ వాపు వంటివి కనబడినచో ఆటకు పంపక ముందుగా వైద్యునకు చూపవలెను.

మరియొక భేదము కూడ తెలిసికొనవలెను. పని వేరు, ఆట వేరు. బడి మాన్పించి ప్రత్తి చేనికి పంపి, "మావాడు దినమంతయు కదలుచునే ఉన్నాడు" అని చెప్పుట తగదు. పదునాలుగేండ్లలోపు పిల్లలను పనికి పెట్టుట చట్టవిరుద్ధము. ఇంటిలో వాకిలి ఊడ్చుట, మొక్కలకు నీరు పోయుట వంటి చిన్న పనులు మగపిల్లలకును ఆడపిల్లలకును సమానముగా చెప్పుడు, అది మేలే. కాని నవ్వు లేని చోట ఆట లేదు.

మొదలు పెట్టుట ఎట్లు?

మొదటి మాట — పోల్చకుడు. "పక్కింటి పిల్లవాడిని చూడు" అను మాట ఏ పిల్లవానిని పరుగెత్తింపలేదు. లావుగా ఉన్న బిడ్డను పేర్లు పెట్టి పిలుచుట క్రూరత్వము. ఆ బిడ్డ సిగ్గుతో గదిలోనే ఉండిపోవును; గదిలో ఉన్నకొలది మరింత లావగును.

రెండవది — వ్యాయామమును శిక్షగా చేయకుడు. గుంజీలు, గోడకుర్చీ, మైదానము చుట్టు పది చుట్లు అని పిల్లలను శిక్షించుట మనలో పాత అలవాటు. శిక్షగా నేర్చుకొన్నదానిని ఏ పిల్లవాడు ఇష్టముతో చేయును? పిల్లలను శారీరకముగా దండించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది.

మూడవది — ఓడినవానిని కూర్చుండబెట్టు ఆటలను కొంచెము మార్చుడు. గమనించుడు: ఆటలో మొదట ఔటగువాడు ఎవరు? బలహీనుడు. ఔటైనవాడు ఏమి చేయును? కూర్చుండును. అనగా ఆట ఎవనికి ఎక్కువ అవసరమో వానికే తక్కువ దొరకుచున్నది! కనుక ఔటైనవాడు గోడవరకు పరుగెత్తి తాకి వచ్చి మరల ఆటలో చేరవచ్చునను నియమము పెట్టుడు. జట్లు కోరుకొనునపుడు చివరకు మిగిలిపోవు బిడ్డ మనసు కుంగును. కావున చీట్లు వేసి జట్లు చేయుడు.

నాలుగవది — సమయము నిర్ణయించుడు. సాయంకాలము ఐదు మొదలు ఆరు వరకు ఇంటిలోని ఫోనులన్నియు, పెద్దలవి కూడ, ఒక గూటిలో పెట్టుడు. తండ్రి మంచముమీద పడుకొని ఫోను చూచుచు కొడుకును బయటకు పొమ్మన్నచో ఆ మాట ఎంతవరకు పోవును? ఎండకాలమున ఈ వరంగల్లు ఎండ మనకు తెలియనిది కాదు. ఉదయము ఎనిమిదింటిలోపున, సాయంకాలము పొద్దు వాలిన పిదపను ఆడనిండు. వెంట నీరు ఉండవలెను. లారీలు తిరుగు మార్కెట్టు రోడ్డుపై ఆటలు వలదు. పెద్దలు తోడు లేక చెరువులోను బావిలోను ఈతకు పంపవలదు.

ఐదవది — పిల్లవానికి నచ్చిన దానితో మొదలు పెట్టుడు. పందెము ఇష్టము లేనివానికి సైకిలు ఇష్టము కావచ్చును. దానికిని ఇష్టపడనివాడు డప్పు దరువుకు చిందువేయవచ్చును. మన బతుకమ్మను చూడుడు. తొమ్మిది దినములు, సాయంకాలము, ఆరుబయట, చప్పట్లు చరచుచు, వంగుచు లేచుచు వలయముగా తిరుగుట! అవ్వయు మనుమరాలును ఒకే వరుసలో తిరుగుదురు; అందు ఓడువారు లేరు. పువ్వుల పండుగ తొమ్మిది దినములకు ముగియును. ఆ అడుగు మాత్రము ముగియవలెనా? వారమునకు రెండు సాయంకాలములు తల్లులు కూతుళ్ళతో కోలాటము వేసినచో ఆడపిల్ల వీధిలోనికి వచ్చెనని అనుటకు ఎవరికి నోరు వచ్చును?

ఆడపిల్లల విషయమున మేము చేసిన తప్పు మీరు చేయకుడు. నెలసరి దినములలో నొప్పి లేనిచో ఆటకు అడ్డులేదు. సౌకర్యమైన దుస్తులు, బడిలో నీరుగల మరుగుదొడ్డి, గుంపుగా పోయి గుంపుగా వచ్చుటకు తోడు — ఈ మూడు సమకూర్చుట మన పని. నిజామాబాదునుండి వచ్చిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేత అయినది.

కల్లెడ చెప్పు పాఠము

దూరమునకు పోనక్కరలేదు. మన వరంగల్లు జిల్లాలోనే, పర్వతగిరి మండలమున, కల్లెడ అను గ్రామము కలదు. ఆ ఊరి బిడ్డ వర్ధినేని ప్రణీత విల్లు పట్టి 2008లో బీజింగు ఒలింపిక్సులో మన దేశము పక్షమున నిలిచినది.

అదే ఊరిలో 2003లో కూలిపని చేసికొను కుటుంబమున జీవన్‌జీ దీప్తి జన్మించినది. పుట్టుకతోనే బుద్ధివికాసములో లోటు ఉండుటచే చుట్టుపక్కలవారు ఆ పసిబిడ్డను వెక్కిరించిరి. తల్లిదండ్రులు ఆ మాటలు మ్రింగి బిడ్డను కాపాడుకొనిరి, బడికి పంపిరి. బడిలో ఆమె పరుగును కనిపెట్టిన కన్నులుండెను. పిదప శిక్షకుడు నాగపురి రమేష్ గారి చేయూత దొరకెను. 2024 మే నెలలో జపానులోని కోబె నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్సు పోటీలలో 400 మీటర్ల పరుగును 55.07 సెకనులలో ముగించి స్వర్ణపతకము గెలిచినది. ఆనాటికి అది ఆమె తరగతిలో ప్రపంచ రికార్డు. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము తెచ్చినది.

మీ పిల్లలందరు పతకములు తేవలెనని ఈ కథ చెప్పుటలేదు. వెయ్యిమందిలో ఒకరు తేవచ్చును, తేకపోవచ్చును. మేము చెప్పునది వేరు. "ఈ పిల్లకు ఏమి చేతనగును?" అని ఊరు అడిగినపుడు, ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బడి ఆ ప్రశ్నకు తలుపు మూయలేదు. అవయవలోపము గల బిడ్డనైనను, నత్తనడక బిడ్డనైనను ఆటలో చేర్చుకొనుట పెద్దల చేతిలో ఉన్నది.

బడి, గ్రామము చేయవలసినది

ప్రతి బడికి ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని విద్యాహక్కు చట్టముననే వ్రాయబడియున్నది. నూరుమందికి పైగా పిల్లలున్న ఉన్నత ప్రాథమిక పాఠశాలలో ఆరోగ్య వ్యాయామ విద్యకు బోధకుడు ఉండవలెనని కూడ అందు కలదు. పాఠశాల నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులే అధికసంఖ్యాకులు. అడుగు హక్కు మీకున్నది. "ఆటల పీరియడు జరుగుచున్నదా, దానిని గణితమునకు ఇచ్చివేసినారా?" అని కమిటీలో మర్యాదగా అడుగుడు.

చోటు చాలని బడులకు స్కాట్లండు దేశపు ఉదాహరణ ఒకటి పనికివచ్చును. స్టెర్లింగు పట్టణములోని ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని 2012లో తన పిల్లలు కొంచెము పరుగుకే అలసిపోవుట గమనించి, దినమునకు 15 నిమిషములు వారిని ఆరుబయట నడకయో పరుగో, ఎవరికి చేతనైన వేగమున వారిని, పోనిచ్చినది. పోటీ లేదు, ప్రత్యేక దుస్తులు లేవు, ఖర్చు లేదు. ఆ పద్ధతి నేడు అనేక దేశముల బడులకు ప్రాకినది. మన బడిలో ప్రార్థన ముగిసిన పిదప ఆవరణ చుట్టు 15 నిమిషములు నడచుటకు ఎవరి అనుమతి కావలెను?

గ్రామములలో 2022లో రాష్ట్ర ప్రభుత్వము తెలంగాణ క్రీడా ప్రాంగణములను ప్రారంభించినది. మీ ఊరి ప్రాంగణములో పిల్లలున్నారా, పిచ్చిమొక్కలున్నవా? బోర్డు పాతుట ప్రభుత్వము చేయును. ఆ నేలను పిల్లల పాదములతో గట్టిపరచుట ఊరివారు చేయవలెను. ఒక ఆదివారము యువకులు పారలు పట్టి రండు. ముండ్లు, గాజుముక్కలు ఏరి, గుంటలు పూడ్చి, సున్నముతో గీతలు గీయుడు. నగరపు గల్లీలలో చోటు లేనివారు, బడి ఆవరణను సాయంకాలము ఒక గంట తెరిచియుంచుమని ప్రధానోపాధ్యాయులను కోరుడు. తాళపుచెవి బాధ్యత ఇద్దరు తల్లిదండ్రులు వంతులవారిగా వహింపుడు.

సోదరీమణులారా, సోదరులారా!

మన పిల్లలకు ఇచ్చుటకు మనము ఎంతో కష్టపడి పొలము కొనుచున్నాము, ఇల్లు కట్టుచున్నాము, ఫీజులు కట్టుచున్నాము. వాని ననుభవించుటకు బలమైన దేహము లేనిచో ఆ ఆస్తి ఎవరికి? రేపు సాయంకాలము ఐదు గంటలకు మీ ఇంటిలో కూర్చున్న బిడ్డవద్దకు పోయి, "లే, ఆడుకో" అని గదమాయింపకుడు. "రా, పోదము" అని చేయి పట్టుకొనుడు. ఈ రెండు మాటలకు నడుమ ఎంత భేదమున్నదో మేము పద్మాక్షి గుట్ట మెట్లమీద నేర్చుకొంటిమి.

ఇందాక గడపలో కూర్చున్న ఆ ముదుసలి తల్లి ఈ సభకును వచ్చియున్నది. మరల మేము కాశిబుగ్గకు వచ్చునప్పటికి, పిల్లల గోలకు పగటిపూట నిద్ర పట్టుటలేదని ఆమె మాతో ఫిర్యాదు చేయవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.